జట్కా రంగి కాలవ ఈత

అనగనగా ఒక కాలవ గట్టు ఊళ్ళో గవరయ్య అని జట్కా తోలే ఆయన ఉండేవాడు. ఆయన పెళ్ళాం పేరు సింహాలు. వాళ్ళకి రంగి అని ఒక ఎర్ర గుర్రం ఉండేది. గుర్రమంటే రాజుగారు ఎక్కే గుర్రం అనుకునేవు! కాదే తల్లీ, రైలు దిగిన జనాన్నీ, వాళ్ళ మూటల్నీ లాక్కొచ్చే బక్క గుర్రం. అది పుట్టిన మూడో రోజునే తల్లి చచ్చిపోతే, సింహాలే సీసాతో పాలు పట్టి పెంచింది. అందుకని రంగి అంటే ఆ ఇద్దరికీ పంచప్రాణాలు. ఊఁ కొట్టు మరి!

ఒకరోజు వాన పడి వెలిసింది. అప్పుడు వంతెన దిగుతుంటే రంగి వెనక కుడికాలు బురదలో సర్రున జారింది. లోపల నరం దెబ్బతింది. కాలు ఇంత లావున వాచిపోయింది. గవరయ్య బండి అక్కడే విప్పేసి, దాన్ని మెల్లిగా ఇంటికి నడిపించుకొచ్చాడు. దారంతా అది కుంటింది, ఈయన ఏడ్చాడు.

ఆ తర్వాత పశువుల డాక్టరుగారు వచ్చి కట్టు కట్టారు, మందిచ్చారు. నెల తిరిగేసరికి వాపైతే తీసింది గానీ, రంగి ఆ కాలు కింద ఆన్చదే!

"గవరయ్యా, మూడు కాళ్ళ మీద గుర్రం ఎన్నాళ్ళో బతకదయ్యా," అన్నారు డాక్టరుగారు. "కట్టేసి ఉంచితే కాలు కర్రలా బిగుసుకుపోతుంది. రోడ్డు మీద నడిపిస్తే బరువు పడి నరం తెగుతుంది. కాలవలో ఈదించు. బరువంతా నీళ్ళు మోస్తాయి, కాలు తన పని తాను చేసుకుంటుంది. అటొకరు, ఇటొకరు తాళ్ళు పట్టుకోండి."

గవరయ్య గుండె గుభేలుమంది. ఎందుకో తెలుసా? ఆయనకి ఈత రాదు. కాలవ గట్టున పుట్టి పెరిగినవాడికి ఈత రాదట, సిగ్గులేకపోతే సరి! నీళ్ళంటే హడలు.

"గుర్రానికి ఈత ఎవరు నేర్పుతారండీ?" అన్నాడు.

"దానికి పుట్టుకతోనే వచ్చయ్యా. ధైర్యం నేర్పాల్సింది నీకే," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు ఆయన.

మొదటిరోజు పొద్దున్నే రంగిని రేవుకి తీసుకెళ్ళారు. అది ఒక్క అడుగు వేస్తే ఒట్టు! గవరయ్య బతిమాలాడు, బెల్లం పెట్టాడు. ఊహూఁ. తీరా చూస్తే ఏముంది, కంగారులో కళ్ళ గంతలు విప్పడమే మర్చిపోయాడు మహానుభావుడు. జట్కా గుర్రం పక్కకి చూసి బెదరకుండా కళ్ళకి అటూ ఇటూ తోలు గంతలు కడతారులే. కాళ్ళ దగ్గర ఏముందో కనపడకపోతే ఎలా దిగుతుంది, పాపం! సింహాలు నాలుగు చీవాట్లు పెట్టి ఇంటికి తోలుకొచ్చింది.

రెండోరోజు గంతలు విప్పారు. సింహాలు ఒక తాడు పట్టుకుని వంతెన మీదుగా అవతలి గట్టుకి వెళ్ళింది. గవరయ్య రెండో తాడు పట్టుకుని ఇవతల నించున్నాడు. అప్పుడు రంగి నీళ్ళలో దిగింది. మోకాళ్ళు మునిగాయి, వీపు మునిగింది, ముక్కు ఒక్కటే పైన తేలింది. అది చక్కగా ఈదుతోందే! కానీ గవరయ్యకి ఆ ముక్కు తప్ప ఏమీ కనపడలేదు. ప్రాణం పోయినంత పనయి, "హో! హో! రంగీ, హో!" అని కేకలు పెట్టాడు.

జట్కా గుర్రానికి రెండే రెండు మాటలు వచ్చు. 'ఛల్' అంటే నడవాలి. 'హో' అంటే ఆగాలి.

రంగి ఆగింది. నడి కాలవలో కాళ్ళు ఆడించడం మానేసింది. బుడుంగున మునిగింది.

"మావా, నోరు ముయ్యి! ఆగమంటున్నది నువ్వే!" అని అరిచింది సింహాలు. "ఛల్ రంగీ! ఛల్!" అంటూ తాడు పట్టి గుంజింది. అప్పుడు రంగి తల పైకెత్తి, బుస్సుబుస్సుమంటూ ఈది గట్టెక్కింది.

గవరయ్య వంతెన మీద పరిగెత్తుకొచ్చి దాని మెడ కావలించుకున్నాడు. "నిన్ను నా చేతులారా పొట్టన పెట్టుకునేవాణ్ణే తల్లీ! ఇంక కాలవ వద్దు, ఏమీ వద్దు. ఉన్నన్నాళ్ళు నా కళ్ళముందే ఉండు," అని భోరుమన్నాడు.

సింహాలు తడి కొంగు పిండుకుంటూ అంది. "ప్రాణం పోతున్నా నీ మాటే వింది మావా అది. అలాంటిదానికి ఏ మాట చెప్పాలో నువ్వే ఆలోచించుకో."



మూడోరోజు పొద్దున్నే ఆయనే ముందు లేచాడు. రంగిని రేవుకి తోలుకెళ్ళి, తానూ మొలలోతు దిగాడు. సింహాలు రెండో తాడు పట్టుకుని అవతలి గట్టున నించుంది. రంగి ముక్కు నీళ్ళకి ఆనింది. మనసేమో హో, హో అని మొత్తుకుంటోంది. అయినా ఆయన పళ్ళు బిగబట్టి, "ఛల్ నా తల్లీ, ఛల్!" అన్నాడు. అలా అంటూనే ఉన్నాడు. రంగి ఒక్క ఊపున అవతలికి ఈదేసింది!

ఆ తర్వాత రోజూ ఈతే. ఒకసారి, మూడుసార్లు, పదిసార్లు. తొడలు గట్టిపడ్డాయి, ఒళ్ళు నిగనిగలాడింది. ఆ కాలు నీళ్ళలో బాగానే ఆడుతోంది గానీ, నేల మీద ఆనుతుందా అని గవరయ్యకి ఒకటే బెంగ.

ఒక పొద్దున గడ్డి వెయ్యడానికి పాకలోకి వెళ్ళాడు. రంగి కునుకు తీస్తోంది. గుర్రాలు నించునే నిద్రపోతాయమ్మా. వెనక కాలొకటి వంచి, రెండోదాని మీద బరువు వేసుకుంటాయి. ఆవేళ రంగి వంచిన కాలు ఎడమది. బాగున్న కాలు! ఒంటి బరువంతా ఆ కుడికాలి మీదే వేసి, హాయిగా నిద్రపోతోంది.

గవరయ్య సింహాల్ని పిలుద్దామనుకుంటూనే, గడ్డిమోపుతో సహా అక్కడే కూలబడిపోయాడు. కాసేపటికి సింహాలే వచ్చి చూసింది. ఆవిడా కళ్ళు ఒత్తుకుంటూ పక్కన కూచుంది. రంగి లేచేదాకా ఇద్దరూ కదల్లేదు, మెదల్లేదు.

కథ పోయె కంచికి,
గుర్రం పోయె గడ్డికి,
నువ్వు పోవే నిద్దరికి!