కాలని రాయి

సూఫీ గురువు బుడన్ షా దగ్గర శిష్యుడిగా చేరకముందు సుధీంద్ర కర్నూలులో ఇంగ్లీషు లెక్చరరు. కోపానికి పెట్టింది పేరు. ఆ కోపంలోనే సొంత అన్న గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని, ఉద్యోగం వదిలేసి, బేతంచెర్ల పక్క కొండమీది ఈ దర్గాకు వచ్చిపడ్డాడు. ఇప్పుడు తెల్లబట్టలు, మెత్తని మాట. కొత్తవాళ్ళు చూస్తే పుట్టుకతోనే సాధువనుకుంటారు.

దర్గాలో ఏటా జరిగే ఉత్సవం, ఉరుసు దగ్గరపడింది. ఉరుసుకు ముందు గోడలకు శిష్యులే సున్నం కొట్టాలి, అది అక్కడి ఆనవాయితీ. సున్నపురాయి కాల్చే బట్టీ నుంచి తెచ్చిన సున్నపు గడ్డలు వాకిట్లో గుట్టగా పోసి ఉన్నాయి. ఆ పొద్దున సుధీంద్ర అక్క వసుంధర ఆయాసపడుతూ కొండెక్కి వచ్చింది.

"అన్నకు బాగలేదురా. డాక్టర్లు చేతులెత్తేసినారు. నీ పేరే కలవరిస్తా ఉండాడు. ఒక్కసారి వచ్చి కనపడు."

సుధీంద్ర చిరునవ్వు చెరగలేదు. "నీ తమ్ముడు సుధీంద్ర ఇప్పుడు లేడక్కా. నాకెవరిమీదా కోపం లేదు. బంధమూ లేదు."

ఆమె ఏడ్చింది. పెద్దది అయ్యుండి తమ్ముడి కాళ్ళు పట్టుకుంది. అతను కదల్లేదు. చివరికి కొంగుతో ముఖం తుడుచుకుని, మధ్యాహ్నం బస్సుకని కొండ దిగిపోయింది.

సుధీంద్ర నేరుగా గురువు దగ్గరకు వెళ్ళాడు. అన్నీ వదిలాడు గానీ గర్వం దాచుకోవడం మాత్రం ఇంకా పట్టుబడలేదు.

"బాబా, ఇంగ్లీషులో మార్పుకు రెండు మాటలున్నాయి. ఒకటి చేంజ్. పైపైన మారినా అది చేంజే. రెండోది ట్రాన్స్‌ఫర్మేషన్. అంటే లోపలి నుంచి, మళ్ళీ వెనక్కి రాలేనంతగా మారిపోవడం. ఆ తేడా ఈ రోజు నాకు అనుభవమైంది."

"అట్లనా? మరి నీది ఏదప్పా?"

"రెండోదే బాబా. అక్క అంత ఏడ్చినా నాలో చలనం లేదు."

బుడన్ షా గుట్టలోంచి రెండు గడ్డలు కాలితో పక్కకు దొర్లించాడు.

"వీట్లో ఏది సున్నమో చెప్పు."

"రెండూ సున్నమే కదా. రెండూ తెల్లగానే ఉన్నాయి."

ముసలాయన మొదటి గడ్డమీద చెంబెడు నీళ్ళు పోశాడు. కాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి బుస్సుమంటూ పొగలు లేచాయి. సుధీంద్ర అదిరిపడి వెనక్కి గెంతాడు. పొయ్యి లేదు, నిప్పు లేదు, చన్నీళ్ళకు రాయి ఉడకడమేమిటి! చూస్తుండగానే గడ్డ పగిలి, మెత్తని పిండిలా కూలిపోయింది.

రెండో గడ్డమీద కూడా పోశాడు. తెల్లని పొడి కొట్టుకుపోయింది. అడుగున బూడిదరంగు రాయి. చెక్కుచెదరలేదు.

"ఇది కూడా బట్టీలోనే ఉండింది. పైపైన కాలింది, అంతే."

సుధీంద్ర ఆ రాయిని చూశాడు. తర్వాత తన పాదాలు చూసుకున్నాడు. అక్క కన్నీళ్ళు పడిన చోట దుమ్ములో ఇంకా చారలున్నాయి.

"బాబా... నేనేమన్నాను ఆమెను? అన్న చచ్చిపోతున్నాడంటే నవ్వానా నేను?"

గురువు వంగి ఆ రాయిని తీసి, తడి తుడిచి, ఖాళీ గంపలో పెట్టాడు.

"దాన్ని పారెయ్యరా బాబా?"

"ఎందుకు పారేస్తారప్పా? మళ్ళా బట్టీలో ఏస్తారు."

కొండ కింద బస్సు హారన్ మోగింది. సుధీంద్ర చెప్పులు కూడా తొడుక్కోలేదు. "అక్కా! ఉండక్కా!" అని గొంతు చించుకుని అరుస్తూ మెట్లమీద పడి పరుగెత్తాడు. అంత పెద్ద గొంతు అతనికి ఉందని దర్గాలో ఎవరికీ తెలియదు.