ఈరమ్మ పొట్టేలు, రాజుగారి ఉత్తరీయం

వెనకటికి ఒక చిన్న రాజ్యం ఉండేది. ఎంత చిన్నదంటే, రణధీర మహారాజు పొద్దున గుర్రమెక్కి నాలుగు పొలిమేరలూ చూసుకుని, మధ్యాహ్నం భోజనం వేళకు కోటకు చేరుకునేవాడు. ఆ వేళ తప్పిన రోజు ఒక్కటీ లేదు.

ఒక ఏడు వానలు సరిగా పడక గడ్డికి కరువొచ్చింది. పని చేయని పశువుకు మేత లేదని, అలాంటివాటిని కోట వంటశాలకు తోలాలని రాజు చాటింపు వేయించాడు. అది ఎలా అమలవుతున్నదో చూడటానికి మంత్రినీ, ఒక భటుడినీ వెంటబెట్టుకుని తానే బయల్దేరి, మాఘమాసంలో ఒక ఉదయం ఈరమ్మ దొడ్డి ముందు గుర్రం ఆపాడు.

ఈరమ్మకు ఉన్నది ఒక చిన్న మెట్ట చేను, పద్దెనిమిది గొర్రెలు, విత్తనానికి ఒక పొట్టేలు. ఆ పొట్టేలు కొమ్ములు రెండు చుట్లు తిరిగి ఉంటాయి. దాని వంశంలో పదకొండు ఏళ్లుగా ఒక్క పిల్ల కూడా పురిట్లో పోలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోదు. చెప్పాల్సిన అవసరం లేనంతగా ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

గొర్రెలు దూరంగా చేలో మేస్తున్నాయి. పొట్టేలు మాత్రం దొడ్డిలో పడుకుని నెమరు వేస్తోంది. దాని పొట్ట కింద గోనెపట్టా కట్టి ఉంది. పక్కన, ఎప్పుడో విత్తులు కొట్టగా గొర్రెల యావ పోయిన ముసలి పొట్టేలొకటి తోడుగా ఉంది.

“ఇది ఏం చేస్తుంది?” అన్నాడు రాజు.

“ఆషాఢం వస్తే రెండు నెలలు మందలో తిరుగుతుంది ప్రభూ.”

“మిగతా పది నెలలు?”

“ఆగుతుంది.”

ఇప్పుడు మందలో కలిస్తే గొర్రెలు వానల బురదలో ఈనుతాయని, ఆషాఢంలో కలిస్తే మార్గశిరంలో, చేలో పచ్చిక ఉన్నప్పుడు పిల్లలు పుడతాయని ఆమె వివరించింది. తప్పి దగ్గరకు వెళ్లినా పని జరగకుండా ఆ గోనెపట్టా అని చెప్పింది.

రాజు మంత్రి పుండరీకయ్య వైపు తిరిగి నవ్వాడు. ఆగడం కూడా ఒక పనేనా అన్నాడు. తాను ఏకాదశి నాడు మంచినీళ్లయినా ముట్టనని, దాన్ని ఏనాడూ పనిగా చెప్పుకోలేదని అన్నాడు. అప్పటికే భటుడు పొట్టేలు తాడు విప్పుతున్నాడు. ఆ పొట్టేలు పోతే వచ్చే ఏడు దొడ్డిలో పిల్ల ఉండదు. ఈరమ్మ తడకకు అడ్డంగా నిలబడింది.

“ఏలినవారు రేపు ఒక్క పూట నా పొట్టేలు ఆగినట్టు ఆగి చూపిస్తే, ఆ తాడు నేనే కట్టి ఇస్తాను. ఆగలేకపోతే పొట్టేలు నాది.”

“నీడ కాళ్ల కిందికి వచ్చేదాకా కూర్చుంటాను, చాలా?” అన్నాడు రాజు.

మర్నాడు రాజు కడుపునిండా తినే వచ్చాడు. ఈరమ్మ ఆయన్ను దొడ్డిలో పీట మీద కూర్చోబెట్టింది. ఆయన జరీ ఉత్తరీయాన్నే నోటికి అడ్డంగా కట్టించింది. తోడు లేకపోతే పొట్టేలు బెంగపడుతుందని, అయితే ఆ తోడుకు ఆ యావ ఉండకూడదని చెప్పి, మంత్రిని పక్కన కూర్చోబెట్టింది. పుండరీకయ్యకు ఆరేళ్లుగా అజీర్తి. మజ్జిగన్నం తప్ప మరొకటి ఎరగడు.

తర్వాత ఆమె గాలి ఏ వైపు నుంచి వస్తున్నదో చూసుకుని, అటువైపు తడక అవతల పొయ్యి పెట్టింది. మూకుడులో నువ్వుల నూనె పోసి, రాత్రి నానేసిన మినప్పప్పు రుబ్బి గారెలు వేయసాగింది.

మొదటి వాయికి రాజు కళ్లు మూసుకున్నాడు. రెండో వాయికి పీట జరిపాడు. అల్లం, పచ్చిమిర్చి వాసన కూడా తోడైంది. మంత్రి మాత్రం కునుకు తీస్తున్నాడు.

మూడో వాయి మూకుడులోంచి తీయకముందే తడక విరిగిన చప్పుడైంది. ఈరమ్మ తలెత్తి చూసేసరికి మహారాజు పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. ఉత్తరీయం మెడకు జారి ఉంది. ఒక చేతిలో గారె, బుగ్గలో మరొకటి. నీడ ఇంకా రెండు బారల పొడవుంది.

“గాలికి ఎదురుగా కూర్చోబెట్టావు,” అన్నాడు రాజు, నమిలినంత నమిలి. “అది న్యాయం కాదు.”

“కాదు ప్రభూ. నా పొట్టేలును నేను ఎన్నడూ అలా కట్టను. కానీ పది నెలల్లో గొర్రెల వాసన మోసుకుని గాలి ఎన్నిసార్లు ఇటు తిరుగుతుందో అది నా చేతిలో లేదు. తిరిగినప్పుడల్లా అది ఆగింది. మా తడక విరగడం ఇవాళే మొదలు.”

రాజు ఒక్క క్షణం ఆమెను, మరో క్షణం తడకను చూశాడు. పొట్టేలు వైపు చూసేసరికి అది నింపాదిగా నెమరు వేస్తోంది. అంతే, ఆయనకు నవ్వాగలేదు. ఆ నవ్వుకు మంత్రికి మెలకువ వచ్చి, విషయం తెలియకుండానే తానూ నవ్వాడు.

ఆ పూటే చాటింపు మారింది. కాలం కోసం కాచుకునే పశువుకు కూడా మేత ఉందని, ఏది ఎందుకు ఆగుతుందో దాని యజమానినే అడగాలని దండోరా వేశారు. విరిగిన తడకకు బదులు కోట వడ్రంగి టేకు తలుపు బిగించాడు. ఇంకేం కావాలో కోరుకోమంటే, ఈరమ్మ రాజుగారి మెడలోని ఉత్తరీయం వైపు వేలు చూపించింది.

ఆషాఢం దాకా ఆ రాజ్యంలో పొట్ట కింద జరీ అంచు కట్టుకుని తిరిగిన పొట్టేలు అదొక్కటే. దాన్ని తోలుకుపోతూ ఈరమ్మ ఎవరి వంకా చూసేది కాదు. అందరూ ఆమె వంకే చూసేవారు.