అసిరమ్మ చెంబు

ఊఁ కొడతారా మరి? ఊఁ కొట్టకపోతే నా నోరు కదలదు, ముందే చెబుతున్నాను.

ఇది ఎప్పటి మాటో నాకు తెలీదు. మా మామ్మకి వాళ్ళ మామ్మ చెప్పిందట. నీకెవరు చెప్పారని అడిగితే, నోరు మూసుకుని వినమందట. మీరూ అలాగే వినండి.

ఒక కొండ. ఆ కొండ మీంచి ఒక గెడ్డ దిగేది. గెడ్డంటే పెద్ద ఏరేం కాదు, మోకాలి లోతు నీళ్ళు, అడుగున ఇసకా, గులకరాళ్ళూ. ఆ గెడ్డ ఒడ్డున మూడు ఊళ్ళు. పైన ఎగువపేట, మధ్యన నడిమిపేట, కింద దిగువపేట. మూడు ఊళ్ళూ ఆ నీళ్ళే తాగేవి.

మూడు ఊళ్ళలోనూ గోగు పండించేవారు. గోగు కాడలు కోసి, మోపులు కట్టి, గెడ్డలో పడేసి పైన రాళ్ళు పెట్టేవారు. పదిహేను రోజులు నానితే నార ఊడొస్తుంది. ఒక విడత తియ్యగానే ఇంకో విడత వేసేవారు. తాళ్ళకీ, మంచాలకీ అదే నార. కానీ ఆ గోగు నానిన నీళ్ళ కంపు ఉంది చూశారూ, అబ్బో, దానికంటే మురుగుకాలవ నయం. నీళ్ళు నల్లబడిపోయేవి. అందుకని పెద్దవాళ్ళు ఒక కట్టుబాటు పెట్టారు. ఎవరి రేవుకి కింద వాళ్ళు గోగు నానేసుకోవాలి. తాగే నీళ్ళు పైన, గోగు కింద. "మన రేవుకి కిందే కదా" అనుకుని మూడు ఊళ్ళ వాళ్ళూ నిశ్చింతగా ఉండేవారు. ఎంత తెలివైన వాళ్ళో చూడండి!

నడిమిపేటలో అసిరమ్మ అని ఒకావిడ ఉండేది. ఊరి బట్టలన్నీ ఆవిడే ఉతికేది. ఆవిడకి మిగిలిన దిక్కల్లా మనవరాలు ఎర్రమ్మ ఒక్కతే.

గోగు సాగు ఏటేటా పెరుగుతూ వచ్చింది. ఒక ఏడు, గోగు నానేసిన నెలలో నడిమిపేట పిల్లలకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఒక పిల్ల పోయింది. రెండో ఏడు అదే నెలలో ఇద్దరు పోయారు. ఊరిపెద్ద గురువునాయుడు అమ్మోరికి కోపం వచ్చిందన్నాడు. మేకను కోశారు, డప్పులు కొట్టారు. మూడో ఏడు అదే నెల వచ్చింది. ఎర్రమ్మ మంచం పట్టింది.

అసిరమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. మింగేసి నీళ్ళకి వెళ్ళింది. నీళ్ళలో నిలబడగానే చేపపిల్లలు వచ్చి పాదాలు కొరకడం ఆవిడకి నలభై ఏళ్ళుగా తెలుసు. ఆ రోజు తాగే రేవులో నిలబడింది, ఒక్క చేపా కొరకలేదు. కడవ చంకన పెట్టుకుని గెడ్డ వెంట పైకి నడిచింది. మొదటి మలుపులో దిగింది, కొరకలేదు. రెండో మలుపులో దిగింది, కొరకలేదు. మూడో మలుపు తిరిగేసరికి ఎగువపేట వాళ్ళ గోగు మోపులు గెడ్డ నిండా ఉన్నాయి. వాటిని దాటి, ఎగువపేట రేవునీ దాటి, పైన కాలు పెట్టింది. చేపలు కొరికాయి.

అక్కడి నీళ్ళు ముంచుకొచ్చి మనవరాలికి పట్టింది. మూడు రోజులు అంత దూరం నడిచి మోసుకొచ్చింది. మూడో రోజున పిల్ల లేచి కూర్చుని గంజి అడిగింది.

హమ్మయ్య అనుకుని ఊరుకోలేదు అసిరమ్మ. ఒక్క కడవతో ఊళ్ళో పిల్లలందరినీ ఎలా బతికించడం? ఎగువపేట పెద్ద పోలినాయుడి దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకుంది. మా రేవుకి కిందే కదా నానేశాం, మా నీళ్ళు మాకు బాగానే ఉన్నాయి అన్నాడాయన. తిరిగొచ్చి గురువునాయుడికి చెప్పింది. ఆయన పకపకా నవ్వి, బట్టలుతుక్కునేదానివి, నీళ్ళ సంగతి నీకేం తెలుసన్నాడు. నీళ్ళ సంగతి ఆవిడకి తెలీదట! మరి ఎవరికి తెలుస్తుందో ఆయనే చెప్పాలి.

అసిరమ్మ బడికి వెళ్ళింది. కామేశం పంతులుగారి బడిలో ఇరవైమంది పిల్లలుండేవారు. ఆ రోజు తొమ్మిదిమందే ఉన్నారు. అసిరమ్మ వాకిట్లో నిలబడి, "పంతులుగారూ, పిల్లల్ని నాకొక్క రోజు ఇయ్యండి. గెడ్డ గురించి సెప్తాను" అంది. పంతులుగారు ఖాళీ చాపల కేసి చూశారు. పుస్తకం మూసేసి, నేనూ వస్తాను పదమన్నారు.

ఎర్రమ్మని చంకనేసుకుని అసిరమ్మ ముందు నడిచింది. రేవు రేవుకీ ఆగి పిల్లల చేత కాళ్ళు పెట్టించింది. వాసన చూడమంది. రాయి ఎత్తి దాని కింద పురుగూ నత్తా బతికున్నాయో లేదో చూడమంది. అలా చూసుకుంటూ కొండ నెత్తికి ఎక్కారు. అక్కడ గట్టు మీద చెంబుడు నీళ్ళు కుమ్మరించింది. సగం ఇటు జారాయి, సగం అటు జారాయి.

"ఇటు పడిన సుక్కంతా మన గెడ్డకే వస్తాది. అటు పడింది ఎవులి గెడ్డకో పోతాది. ఇటేపు కొండ మీద ఎవులేటి పారేసినా ఆకరికి మన కడవలోకే" అంది.

అప్పుడు చంకలోని ఎర్రమ్మ అడిగింది. "మామ్మా, మరి మన రేవు దాటినాక ఆ నీల్లెక్కడికెల్తాయి?"

అసిరమ్మ వెనక్కి తిరిగి కిందకి చూసింది. నలభై ఏళ్ళు ఆ నీళ్ళలో నిలబడిన మనిషి, ఒక్కనాడూ ఆ మాట అనుకోలేదు.

మర్నాడు పిల్లలతో కిందకి నడిచింది. దిగువపేట రేవులో ఒకామె నల్లటి నీళ్ళని చీర కొంగులో వడగట్టుకుంటోంది. వీళ్ళెవరో ఆమెకి తెలీదు. ఈ ఏడు మా ఊళ్ళో ముగ్గురు పిల్లలు పోయారమ్మా, అందులో ఒకడు నా కొడుకేనని చెప్పింది. ఆ నీళ్ళ మీద తెల్లటి నురగ తేలుతోంది. అది తను బట్టలకి వాడే చవుడు మట్టి నురగేనని అసిరమ్మ చూడగానే గుర్తుపట్టింది.

ఇసకలో కూలబడి పిల్లల ముందే ఏడ్చింది. "మన రేవుకి కిందే కదా అన్నాం. ఆల్ల రేవుకి పైన అని ఎవులం అనుకోనేదు" అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని లేచింది. ఇంక ఆవిణ్ణి ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ముందు తన ఉతుకుడు బండకి తాడు కట్టింది. పిల్లలూ తనూ కలిసి దాన్ని గెడ్డలోంచి బీడు మీదకి ఈడ్చారు. నీళ్ళు కడవతో అక్కడికే మోసుకుని ఉతికింది, మురికి బీట్లోనే పారబోసింది. ముసలి నడుం, పాపం. ఆ పని అయ్యాక గురువునాయుడి వాకిట్లోకి వెళ్ళి, గోగు గెడ్డలోంచి తీసేదాకా ఊరి బట్టలు ముట్టనని చెప్పేసింది.

ఒక వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. మూడో వారానికి నాయుడి పంచె ఒకప్పుడు తెల్లగా ఉండేదంటే ఎవరూ నమ్మే స్థితిలో లేరు. పైగా రోజూ సాయంత్రం పిల్లలు నాయుడి అరుగు ముందు నిలబడి, "తాతా, మన రేవుకి కింద ఎవులున్నారు?" అని అడిగేవారు. ఆయన కసిరేవాడు. మర్నాడు మళ్ళీ వచ్చి అదే అడిగేవారు. ఆఖరికి నాయుడు ఒళ్ళు మండి అసిరమ్మని ఊరొదిలి పొమ్మన్నాడు.

"ఎల్తాను బావూ. దిగువపేటకే ఎల్తాను. మీరొదిలిన నీల్లే తాగుతాను, నా మనవరాలికీ అయ్యే పడతాను. మాకేటైనా అయితే అమ్మోరి మీద మాత్రం పెట్టకండి" అంది.

రెండో ఏడు పోయిన ఇద్దరిలో ఒకడు నాయుడి మనవడే. మర్నాడు ఆయన పొలాల్లో గుంటలు తవ్వించి, గోగు మోపులన్నీ గెడ్డలోంచి అక్కడికి మార్పించాడు.

అప్పుడు అసిరమ్మ తమ రేవులో చెంబు ముంచి, పిల్లల్ని వెంటేసుకుని ఎగువపేట వెళ్ళింది. పోలినాయుడు మా రేవుకి కిందే కదా అని మొదలుపెట్టబోయాడు. అసిరమ్మ చెంబు ఆయన ముందు పెట్టింది.

"మా గోగు తీసేసినాం. దిగువపేటోల్లనడిగి సూడు. ఇయ్యి మా పిల్లలు తాగే నీల్లు. ఒక్క గుక్క తాగు బావూ, మేం ఎల్లిపోతాం."

పోలినాయుడు చెంబు ఎత్తాడు. నోటి దాకా తెచ్చాడు. ఎదురుగా పిల్లలందరూ చూస్తూ నిలబడ్డారు. ఆయన తాగలేకపోయాడు. చెంబు దించేసి, తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. వారం తిరిగేసరికి గెడ్డలో ఒక్క గోగు మోపు లేదు.

నాలుగో ఏడు అదే నెల వచ్చింది. మూడు ఊళ్ళలో ఒక్క పిల్లా మంచం పట్టలేదు.

అసిరమ్మ పండు ముసలిదై కన్నుమూసింది. గుడి కట్టలేదు, బొమ్మ నిలబెట్టలేదు. బతికుండగా నడుం విరిగేలా చాకిరీ చేయించుకున్నారు గాని, ఆ సంగతి అడిగితే మా వాళ్ళకి కోపం వస్తుంది. ఆవిడ చెంబు మాత్రం దాచారు. పాతది చిల్లు పడితే కొత్తది చేయించి, దానికీ అదే పేరు పెడతారు.

ఇప్పటికీ అక్కడ పిల్లలు బడిలో చేరిన రోజున పలక పట్టరు. కొండెక్కి ఆ చెంబుతో గట్టు మీద నీళ్ళు కుమ్మరించి, తమ నీళ్ళు ఎటు వెళ్తాయో చూసి దిగుతారు. పెద్దవాళ్ళు గెడ్డలో ఏది పారెయ్యబోయినా, పక్కనున్న పిల్ల "కింద ఎవులున్నారు?" అంటుంది. కడవ ముంచే ముందు ఎవరైనా కాళ్ళు పెట్టి నిలబడతారు. చేప కొరికితే, అసిరమ్మ ఉంది అనుకుని ముంచుకుంటారు.

కొరకలేదనుకోండి, ఆ పూట బడి ఉండదు. పిల్లలంతా చెంబు నింపుకుని గెడ్డ వెంట పైకి నడుస్తారు. నీళ్ళు చెరిపినవాళ్ళ ఇల్లు దొరికేదాకా నడుస్తారు. ఎవర్నీ తిట్టరు. చెంబు వాళ్ళ గడప ముందు పెట్టి, ఒక్క గుక్క తాగమంటారు.

ఇంతవరకూ ఏ గడపకీ రెండోసారి వెళ్ళాల్సిన పని పడలేదు.