చేటెడు తవుడుకి కొన్న పిల్ల

అనగనగనగా, జీడితోటల అవతల ఒక ఊళ్ళో, తవిటమ్మ అని ఒక పిల్ల ఉండేది. నవ్వకు. నవ్వావంటే కథ ఇక్కడే ఆపేసి గోడవైపు తిరిగి పడుకుంటాను. తవుడంటే తెలుసు కదా, వడ్లు దంచినప్పుడు బియ్యం మీంచి రాలే పొడి, గేదెలకి పెట్టేది. ఆ తవుడు పేరే ఆ పిల్లకి పెట్టారు. ఎందుకు పెట్టారో తెలియాలంటే కాళ్ళు ముడుచుకుని బుద్ధిగా విను.

తవిటమ్మ వాళ్ళమ్మ పేరు సూరీడమ్మ, నాన్న పేరు అప్పన్న. ఆ ఇంటికి ఆ పిల్ల ఒక్కతే. ఒక్కతే పిల్లంటే ఎంత గారాబం ఉండాలి చెప్పు? అబ్బే, ముద్దూ లేదు, మురిపెమూ లేదు. పండక్కి కొత్త గుడ్డ కొంటే ముందు పక్కింటి పిల్లకి ఒకసారి కట్టి విప్పాకే ఈ పిల్లకి కట్టేవారు. "గుంట చక్కగా ఉందే" అని ఎవరైనా అంటే చాలు, సూరీడమ్మ పొయ్యి దగ్గరికి పరిగెత్తి వేలికి మసి తెచ్చి పిల్ల బుగ్గకి రాసేసేది. ఇవన్నీ ఒక ఎత్తు, ఇంకోటి ఒక ఎత్తు. "ఈ పిల్ల నీ కూతురేనా?" అని ఎవరైనా అడిగితే సూరీడమ్మ తల అడ్డంగా ఊపేది.

"నా కూతురేటమ్మా! చేటెడు తవుడుకి కొనుక్కున్నాను," అనేది.

చిన్నప్పుడు తవిటమ్మకి ఆ మాట వేళాకోళంలా ఉండేది. తనూ నవ్వేది. పదేళ్ళు వచ్చేసరికి నవ్వు రావడం మానేసింది.

ఒకరోజు ఊళ్ళో ఒక పెళ్ళి జరిగింది. భోజనాల దగ్గర మగపెళ్ళివారి తాలూకు ముసలావిడ ఎవరో సూరీడమ్మ పక్కన కూర్చుని, ఈ పిల్ల ఎవరమ్మా అని అడిగింది. సూరీడమ్మ మామూలుగానే, చేటెడు తవుడుకి కొన్నానంది. పంక్తిలో వాళ్ళందరూ పకపకా నవ్వారు. తవిటమ్మ చేతిలో బూరె చేతిలోనే ఉండిపోయింది. బూరె వదిలేసిందంటే ఆ పిల్ల మనసు ఎంత విరిగిపోయి ఉండాలి!

అప్పుడు తవిటమ్మ సూటిగా వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళింది. అప్పన్న బండి ఇరుసుకి కందెన రాసుకుంటున్నాడు.

"నాన్నా, నన్ను నిజంగానే కొన్నారా?"

అప్పన్నకి అబద్ధం చెప్పడం చేతకాదు. "కొన్నమాట నిజమేనమ్మా," అన్నాడు.

"ఎవరి దగ్గర?"

"కాలవ అవతల పోలమ్మ దగ్గర," అన్నాడు. అని మళ్ళీ ఇరుసులో తలదూర్చాడు. మంచివాడే పాపం. కానీ సగం మాట చెప్పి సగం మింగేసే రకం. చెప్పేవాడు పూర్తిగా చెప్పాలి, లేదంటే నోరు కట్టేసుకోవాలి. ఈ సగం మనుషులతోనే చచ్చే చావు.

ఇంకేముంది, తవిటమ్మకి అంతా అర్థమైపోయినట్టే అనిపించింది. సూరీడమ్మ నా అమ్మ కాదు, పోలమ్మే నా అమ్మ, అనుకుంది. కాలవ గట్టు మీద నడుస్తూ ఒకటే ఏడుపు. "అమ్మితే అమ్మింది, చేటెడు తవుడుకా? బియ్యానికైనా అమ్మకూడదా?" అని తిట్టుకుంది. మళ్ళీ అంతలోనే, నా చెవులు ఆవిడ చెవుల్లాగే ఉంటాయేమో, నన్ను చూడగానే గుర్తుపడుతుందేమో అని ఆశ. పిల్లల మనసు అంతే మరి.

పోలమ్మకి ఏడుగురు కొడుకులు. ఇల్లంతా తిరణాలలా ఉంటుంది. తవిటమ్మ వెళ్ళేసరికి ఆవిడ గేదెకి కుడితి కలుపుతోంది. తవిటమ్మ గుమ్మంలో నిలబడి, "అమ్మా" అంది.

"ఎవరే గుంటా?"

"నేను తవిటమ్మని. నువ్వే కన్నావట కదా. నన్నెందుకు అమ్మేశావు?"

పోలమ్మ ముందు పొట్ట పట్టుకుని నవ్వింది. పిల్ల మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. చేతులు కొంగుకి తుడుచుకుని, పిల్లని దగ్గరికి లాక్కుని అరుగు మీద కూర్చోబెట్టుకుంది.

"ఓసి పిచ్చితల్లీ! నాను నిన్ను కనడమేటే? నువ్వు నా చేతిలో ఉన్నది తమలపాకు నమిలినంత సేపు. నువ్వు పుట్టగానే నిన్ను చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. నాను ఏమీ ఎరగనట్టు అటు వచ్చి, 'ఓలమ్మో, ఎవరో పిల్లని పారేశారు, నాకు దొరికింది' అని ఎత్తుకున్నాను. అప్పుడు మీ అమ్మ, పచ్చి బాలింత, గోడ పట్టుకుని నడిచొచ్చి, 'ఆ పిల్లని నాకు అమ్ముతావా' అంది. ఏటిస్తావన్నాను. తవుడిస్తానంది. ఇచ్చేశాను. ఆ తవుడు మా గేదె ఒక్క పూటలో నాకేసింది."

తవిటమ్మ బుర్ర తిరిగిపోయింది. "తన పిల్లని తనే ఎందుకు కొనుక్కుంది?"

"మిత్తిని మోసం చెయ్యడానికే," అంది పోలమ్మ. మిత్తంటే చావు, చిట్టీ. పిల్లల్ని ఎత్తుకుపోయేది. "ఇది ఎవరో పారేసిన పిల్ల, తవుడు ఖరీదు పిల్ల, దీంతో నాకేం పని అని మిత్తి పక్క గుమ్మానికి పోవాలని. నా ఏడుగురూ నిలిచారు కాబట్టి నా చేత్తో ఎత్తించారు. మీ అమ్మకి ముందరోళ్ళు నిలవలేదు కదే."

"ముందరోళ్ళా? ముందరోళ్ళెవరు?"

పోలమ్మ చటుక్కున నాలిక కరుచుకుంది. ఇంటిగుట్టు లంకకి చేటన్నారు, పరాయి ఇంటి గుట్టు తన నోట్లోంచి జారిపోయిందే అని గాభరా పడింది. "నాను చెప్పకూడదమ్మా. మీ ఊరి మంత్రసాని పైడమ్మనడుగు," అని చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టి పంపేసింది.

చూశావా, అమ్మని వెతుక్కుంటూ పోయిన పిల్లకి ఇంకేదో ఎదురైంది. నిద్రొస్తోందా? లేదా? సరే.

ఆ తర్వాత తవిటమ్మ పైడమ్మ ఇంటికి వెళ్ళింది. పైడమ్మకి కళ్ళు సరిగా కనబడవు గానీ, ఆవలిస్తే పేగులు లెక్కపెడుతుంది. ఊళ్ళో సగం మందిని భూమ్మీదకి లాగిన చెయ్యి ఆవిడది. చింతపండులోంచి పిక్కలు తీసుకుంటోంది. తవిటమ్మ అడిగింది విని చింతపండు పక్కన పెట్టింది. ఆ తర్వాత లేచి కర్ర అందుకుని, "రా" అంది.

ఇద్దరూ ఊరి వెనక్కి వెళ్ళారు. అక్కడ అప్పన్న వాళ్ళ చోడిచేను, అదే రాగిచేను, ఉంది. చేను చివర ఒక గట్టు, గట్టు మీద తంగేడు పొదలు. అక్కడ రాయి లేదు, రప్ప లేదు. పైడమ్మ కర్రతో గాల్లో ఇటూ అటూ చూపించింది.

"ఇక్కడే ఎక్కడో. ముగ్గురూ ఆడగుంటలే. పెద్దదానికి వరహాలమ్మని పేరు పెట్టారు. ఊరందరికీ భోజనాలు పెట్టారు. బోర్లా పడకముందే పోయింది. అందరి కళ్ళూ పడ్డాయని రెండోదానికి చాటుగా పేరు పెట్టారు, నీలమ్మని. అదీ దక్కలేదు. మూడోది పేరుదాకా రానేలేదు."

"మరి నాకెవరూ చెప్పలేదేం?"

"పళ్ళు రాని బిడ్డకి కాష్టం లేదు, దినం లేదు, తల్లీ. మట్టిలో పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేయడమే. ఏడవనూ కూడదు. ఏడిస్తే వెనకాల పుట్టే బిడ్డకీ ఆ దారే చూపించినట్టంట. మీ నాయనమ్మ మీ అమ్మ నోట్లో కొంగు కుక్కింది, నాను చూశాను. అప్పటినించీ మీ అమ్మ ఆ పేర్లు ఎత్తలేదు. ఊరూ మరిచిపోయింది."

తవిటమ్మ ఆ గట్టుకేసి చూస్తూ నిలబడింది. వాళ్ళమ్మ నెత్తిన కట్టెలమోపు ఉన్నా ఆ గట్టు ఎక్కదు. జీడితోట చుట్టూ తిరిగి, ఆయాసపడుతూ ఇంటికొస్తుంది. పాముల భయమేమో అనుకునేది తవిటమ్మ. ఇప్పుడు తెలిసింది ఎందుకో. తెలిసి, అక్కడే చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అప్పలు, అదే అక్కలు, పోయినందుకు ఏడ్చింది, అమ్మ మీద కోపం తెచ్చుకున్నందుకు ఏడ్చింది. పైడమ్మ ఆపలేదు.

ఇంటికి వచ్చేసరికి సూరీడమ్మ చోళ్ళు చెరుగుతోంది. "ఎక్కడ తిరుగుతున్నావే ఇంతసేపూ? కాళ్ళు విరగ్గొడతాను," అని కసిరింది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. తవిటమ్మ వెళ్ళి ఎదురుగా కూర్చుని అడిగేసింది. "అమ్మా, వరహాలప్ప ఎలా ఉండేది?"

చేట ఆగిపోయింది. సూరీడమ్మ వీధివైపు చూసింది, పెరటివైపు చూసింది. లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"దానిది పెద్ద గొంతు," అంది, తన గొంతు మాత్రం బాగా తగ్గించి. "పాలు ఒక్క ఘడియ ఆలస్యమైతే వీధి చివరిదాకా వినబడేది."

"నీలప్పో?"

"నీలమ్మకి ఊరికే ఎక్కిళ్ళొచ్చేవి. నుదుటి మీద తడి దారప్పోగు పెడితే తగ్గేవి. తగ్గగానే నాకేసి గుర్రుగా చూసేది, నేనే తెప్పించినట్టు." చెబుతూ చెబుతూ నవ్వేసింది.

"మరి మూడో అప్పో?"

సూరీడమ్మ నవ్వు పోయింది. "నాకు చూపించలేదే. చూస్తే మనసు పెట్టుకుంటానని, గుడ్డలో చుట్టి అటునించి అటే పట్టుకుపోయారు. దానికి జుట్టుందో లేదో కూడా నాకు తెలీదు."

తవిటమ్మ దగ్గరికి జరిగి అమ్మ ఒళ్ళో తల పెట్టింది. "అయితే నేను నీ కూతుర్నే కదమ్మా?"

"హుష్!" సూరీడమ్మ చప్పున పిల్ల నోరు మూసేసింది. "పైకి అనకే. వింటుంది."

ప్రేమ లేక కాదు చిట్టీ, ఆ తల్లికి ప్రేమ గొంతుదాకా ఉంది. దానిమీద భయం బండరాయిలా కూర్చుంది. తవిటమ్మకి అది తెలిసింది. తెలిసినా ఆశ చావదు కదా. ఒక్కసారి, జన్మలో ఒక్కసారి, అమ్మ నలుగురి ముందు "నా కూతురు" అంటే వినాలని ఆ పిల్ల ప్రాణం కొట్టుకుపోయింది. కానీ మళ్ళీ అడగలేదు. అడిగితే అమ్మ భయపడుతుందని.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆ వీధిలోకి గాజులమ్మే ఆవిడ వచ్చింది. ఆ ఊరికి కొత్త. గాజుల మలారం భుజం మీంచి దింపి సూరీడమ్మ అరుగు మీదే కూర్చుంది. గాజులంటే ఆడవాళ్ళు ఊరుకుంటారా? ఆ ఇంటావిడా ఈ ఇంటావిడా చేరిపోయారు. జనం ఎందుకు పోగయ్యారో చూద్దామని పైడమ్మ కూడా కర్ర తాటించుకుంటూ వచ్చింది. గాజులావిడ తవిటమ్మ చెయ్యి పట్టుకుని వేళ్ళు నొక్కుతూ, నొప్పి తెలియకుండా మాటల్లో పెట్టింది.

"ఎంత మెత్తటి చెయ్యో! ఈ పిల్ల మీ అమ్మాయేనా తల్లీ?"

తవిటమ్మ తల దించేసుకుంది. ఏం వినబోతోందో తెలుసు.

"నా కూతురేటమ్మా..." అంది సూరీడమ్మ. అలవాటైన నోరు కదా. అని ఆగింది. దించుకున్న ఆ తలకేసి, ఆ పాపిటకేసి చూసింది. అందరూ తవుడు మాట కోసం నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

"నా కూతురే," అంది సూరీడమ్మ. "నా కడుపున పుట్టిన పిల్ల. నా నాలుగోది."

అని, ఎవరో లాక్కుపోతారేమో అన్నట్టు రెండు చేతులతో పిల్లని పట్టేసుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. మిత్తి రాలేదు. పిల్లగాలి కూడా రాలేదు. ఒక కోడిపెట్ట మాత్రం తన మానాన తను వీధి దాటింది.

ఊరికి కొత్త మనిషి, గాజులావిడకేం తెలుసు? "మిగతా ముగ్గురూ అత్తారిళ్ళలో ఉన్నారా అమ్మా?" అంది.

"లేరమ్మా. పోయారు. వరహాలమ్మ, నీలమ్మ, ఇంకోటి పేరు పెట్టకుండానే..." అంటూ సూరీడమ్మ భోరుమంది. అప్పుడు నోట్లో కుక్కిన ఏడుపంతా ఇప్పుడు బయటికొచ్చింది. ఈసారి కొంగు కుక్కేవాళ్ళు ఎవరూ లేరు. తవిటమ్మ వాళ్ళమ్మ మెడ చుట్టూ చేతులు వేసి వదలలేదు.

గాజులావిడ గాజులు పక్కన పెట్టేసింది. "నాకూ ఇద్దరమ్మా," అంది. "మగపిల్లలు. కవలలు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

అప్పుడు పక్కింటావిడ, "నాకొకడు. నా పెద్దోడి కంటే ముందు," అంది. ఎదురింటి ముసలమ్మ మెట్టు మీదే కూలబడి ఏవో పేర్లు గొణుక్కుంది, వేళ్ళు మడుచుకుంటూ. ఆ తర్వాత పైడమ్మ కర్ర పక్కన పెట్టి, "నాకూ ఒకత్తి. గోదారని పిలుచుకునేదాన్ని," అంది. ఊరందరికీ పురుడు పోసిన పైడమ్మకి పిల్లలే పుట్టలేదని అందరూ అనుకునేవారు.

ఆ రోజు ఆ అరుగు మీద గాజుల బేరం సాగలేదు. ఒకరి తర్వాత ఒకరు పేర్లు చెప్పుకున్నారు. పేరు లేనివాళ్ళకి ముక్కు ఎలా ఉండేదో, ఏడుపు ఎలా ఉండేదో చెప్పుకున్నారు. తవిటమ్మ అమ్మ ఒళ్ళో కూర్చుని అందరి మాటలూ విన్నది. తమ వీధిలో ఇంతమంది పిల్లలున్నారని అప్పటిదాకా ఆ పిల్లకి తెలియనే తెలియదు.

అంతే, కళ్ళు మూసుకో ఇంక.

పేరున్న పాపకి పాలబువ్వ,
పేరు లేని పాపకీ పాలబువ్వ,
నడిచి నడిచి కథ పోయె కంచికి,
ఒదిగి ఒదిగి నువ్వు రా నా పక్కకి,
మెల్లమెల్లగ కునుకు రానీ కంటికి.