రక్తం వచ్చిందని పుల్ల పారేసిన ఎర్రన్న

కొండవాలులో ముళ్ళకంప చుట్టిన గొర్రెల దొడ్డి ఒకటి ఉండేది. దానికి కాపలా ఎర్రన్న అనే కుక్క, అతని పెళ్ళాం మచ్చమ్మ. కాపలా కుక్కకి నోరే ఆయుధం. అందుకని మచ్చమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. తిండి తిన్నాక ప్రతి కుక్కా తుమ్మపుల్ల నమిలి, పళ్ళూ చిగుళ్ళూ శుభ్రం చేసుకున్న తరవాతే కాపలాకి కూర్చోవాలి.

ఆ ఎండాకాలం పెద్ద మంద మేత కోసం ఏటి అవతలికి పోయింది. మచ్చమ్మ మంద వెంట వెళ్ళింది. చూలు గొర్రెలకీ, పిల్లతల్లులకీ, కొడుకు బుడ్డోడికీ ఎర్రన్న ఒక్కడే దిక్కు.

వానలు పడ్డాక మచ్చమ్మ తిరిగి వచ్చింది. దొడ్డి గుమ్మంలో కాలు పెట్టి, పెట్టినట్టే ఆగిపోయింది.

"ఏమయ్యా, లోపల ఏదైనా చచ్చి పడుందా? ఏమిటీ కంపు?"

"ఏమీ చావలేదు. నేనే... ఆవులించాను" అన్నాడు ఎర్రన్న.

"నోరు తెరు."

"ఇప్పుడే కదే వచ్చావు. కాస్త నీళ్ళు తాగి..."

"తెరువంటే తెరు!"

ఎర్రన్న తెరిచాడు. చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పళ్ళ మొదళ్ళలో పసుపుపచ్చని గార గట్టిపడి కూర్చుంది. పళ్ళు పొడుగెక్కినట్టు కనిపించాయి. అవి పెరగలేదు. చిగుళ్ళే వాటిని వదిలి జారిపోయాయి. పై కోర ఒకటి లేనే లేదు. దాని పక్క పన్ను నాలుక తగిలినా ఊగుతోంది.

"కోర ఏది?"

జవాబు మూలనున్న బొల్లి గొర్రె చెప్పింది.

"నా బిడ్డని ఎత్తుకుపోయిన నక్క తొడలో ఉందమ్మా. మీ ఆయన పట్టుకోలేదని నేననను. పట్టుకున్నాడు. నక్క ఒక్క విదిలింపు విదిలించింది. కోరా దానితోనే పోయింది, నా బిడ్డా దానితోనే పోయింది. ఆ నోటి కంపుకైనా నక్క పారిపోవాల్సింది. మా రాత, అదీ జరగలేదు."

మచ్చమ్మ మెడ మీద వెంట్రుకలు లేచాయి. "పుల్ల ఎప్పుడు మానేశావు?"

"నువ్వెళ్ళిన కొత్తలోనే. పుల్ల నములుతుంటే రక్తం కనబడింది. కంచె అవతల నుంచి నక్క బావ చూసి..."

"ఎవరూ?"

"నక్క బావ. పాపం, ఎంత కంగారుపడ్డాడో! 'పుల్ల గుచ్చుకుని చిగుళ్ళు చీరుకుపోతున్నాయి బావా, ముందది పారెయ్. మెత్తగా బెల్లం గంజి తాగి, చిగుళ్ళకి విశ్రాంతి ఇవ్వు' అన్నాడు. పారేశాను. రక్తం కనబడ్డం ఆగింది. నొప్పా, అదీ లేదు. తగ్గిపోయిందనుకున్నాను."

"తాకనిదే రక్తం ఎలా కనబడుతుందయ్యా? ఇంట్లో దొంగ దూరాడని కుక్క మొరిగితే, కుక్క నోరు కట్టేసి దొంగ పోయాడంటావా? రక్తం వచ్చింది పుల్ల వల్ల కాదు, పుల్ల చేరని చోట మురికి పేరుకుని. నేను చూస్తుంటే ముందు పళ్ళు నాలుగు గీకేవాడివి. వెనక పళ్ళ దాకా ఏనాడైనా పోయావా?"

ఎర్రన్న చెవులు వేలాడేశాడు.

"మరి బుడ్డోడు?"

"వాడూ నన్ను చూసి మానేశాడు. పాలపళ్ళు ఎలాగూ ఊడేవేగా, చిన్నపిల్లాడికి ఈ బాధ ఎందుకన్నాడు బావ."

మచ్చమ్మ కొడుకు మూతి విప్పి చూసింది. పళ్ళు గట్టిగానే ఉన్నాయి. కానీ చిగుళ్ళ అంచున ఎర్రటి గీత. నాలుకతో అలా రాసిందో లేదో రక్తం చిమ్మింది. ఆమె మొగుడి వైపు తిరిగింది. ఆ చూపుకి గొర్రెలన్నీ ఒక మూలకి జరిగాయి.

"నీ నోరు నువ్వు పాడుచేసుకున్నావు, సరే. నిన్ను చూసి వీడి నోరు పాడైతే, ఏ మొహం పెట్టుకుని తండ్రినంటావు?"

ఆ పూటే ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి లేతపుల్లలు ఇచ్చింది.

"అమ్మా, రక్తం!" అని ఏడ్చాడు బుడ్డోడు.

"రానీ. రుద్ది చీల్చకు, అలాగని వదిలెయ్యకు. చిగుళ్ళు పంటిని అంటుకునే చోట నెమ్మదిగా నడిపించు. వెనక పళ్ళు కూడా. నేను ఇక్కడే కూర్చుని చూస్తాను."

పొద్దునా రాత్రీ ఇదే వరస. ఎర్రన్న నోట్లో రాయిలా బిగిసిన గార పుల్లకి లొంగలేదు. గొర్రెల వీపు మీద పిడుదులు ఏరే గోరింక వచ్చి, ముక్కుతో ఒక్కొక్క పెళ్ళా ఊడబెరికింది. కొన్నాళ్ళకి బుడ్డోడి చిగుళ్ళు గట్టిపడి రక్తం ఆగింది. ఎర్రన్నకి వాపూ కంపూ తగ్గాయి. పోయిన కోర మాత్రం రాలేదు, జారిన చిగుళ్ళు పైకి ఎక్కలేదు.

ఒక మధ్యాహ్నం నక్క మళ్ళీ కంచె దగ్గర తచ్చాడింది. మచ్చమ్మ దవడ కింద కాలు పెట్టుకుని గుమ్మంలో పడుకుంది.

"ఎప్పుడొచ్చావు చెల్లెమ్మా? అలా డీలాపడ్డావేం?"

"మీ బావకి వైద్యం చేశావట కదా అన్నయ్యా. నా చిగుళ్ళు కూడా చూసి, పుల్ల నమలాలో మానాలో నువ్వే చెప్పు."

నక్కకి లోపల పండగైపోయింది. ఇదీ పుల్ల పారేస్తే దొడ్డంతా తనదే. "అయ్యో, చెల్లెలివి, నీకు చెప్పకపోతే ఎవరికి చెబుతాను? ఏదీ, నోరు తెరు" అంటూ కంచె దూరి వచ్చి, మూతి లోపలికి పెట్టింది.

"వింతగా ఉందే, వాసనేం రావడం లేదు."

"లోపలికి చూడన్నయ్యా."

"వాపు లేదు. రంగూ బాగుంది. పళ్ళ సందుల్లో గార కూడా..."

జబ్బు లేదని వైద్యుడికి అర్థమయ్యేలోపు నోరు మూసుకుంది.

"చెల్లెమ్మా! నా ముక్కు! వదులు తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను!"

జవాబు చెప్పాలంటే నోరు తెరవాలి. మచ్చమ్మ తెరవలేదు. ఎర్రన్నని విదిలించినట్టే నక్క విదిలించింది. ఒక్క పన్ను కూడా కదల్లేదు. ఈలోగా బొల్లి గొర్రె వెనక నుంచి వచ్చి, బిడ్డని పోగొట్టుకున్న కసంతా కొమ్ముల్లోకి తెచ్చుకుని కుమ్మింది. చివరికి ముక్కు కొన వదులుకుని, డొక్కలు విరిగి, నక్క కొండ దిగి పారిపోయింది.

"పీడ వదిలింది!" అని ఎర్రన్న నవ్వబోయాడు.

బొల్లి గొర్రె అతని వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"నక్క అబద్ధం చెప్పింది, దాని బుద్ధి అది" అంది మచ్చమ్మ. "నీ నోట్లో ఏముందో నువ్వు చూసుకోకపోవడం మాత్రం నీ బద్ధకం. గుమ్మం కాపలా ఇక నీది కాదు. పో, గంజి తాగి వెనక కూర్చో."

చిగుళ్ళలో రక్తం కనబడితే శుభ్రం చేయడం మానకూడదు, ఇన్నాళ్ళూ శుభ్రం చేయని చోటు వెతకాలి.