రెండు దొనల మధ్య కాలువ

మౌలాలికి దస్తగిరిని చూస్తే ఒళ్ళు మండేది. ఇద్దరూ కొండమీది కంబళి బాబా శిష్యులే. బాబా ఒక్కొక్కరికి ఒక్కో దొన అప్పగించాడు. ఆ రాతి గుంటల్లో నిలిచే వాననీళ్ళే కొండకు వచ్చేవాళ్ళు తాగేది. దోమలు పెరగకుండా వాటిలో పరిగె చేపలు ఉండేవి.

ఎవరి దొనలో చేపలు కళకళలాడితే వాళ్ళ మనసు పండినట్టని, బాబా పోయేముందు తన కంబళి వాళ్ళకే కప్పి తన చోట కూర్చోబెడతాడని శిష్యులు చెప్పుకునేవారు. బాబా ఆ మాట ఎన్నడూ అనలేదు.

ఆ ఏడు దస్తగిరి దొనలో వేలు పెడితే చేప తగిలేది. మౌలాలి దొనలో అంతంతమాత్రం. మౌలాలి ఒక్క పూట నమాజు తప్పడు. దస్తగిరి ధ్యానంలో కునుకు తీసే రకం. అయినా చేపలు వాడి దొనలోనే.

రెండు దొనలనూ కలుపుతూ రాతిలో తొలిచిన సన్న కాలువ ఉంది. తన చేపలు అటే పోతున్నాయని మౌలాలి అనుమానం. దస్తగిరి కట్టెలకు వెళ్ళిన సమయం చూసి, కాలువకు రాయి అడ్డం పెట్టి బంకమన్ను మెత్తాడు.

వానలకు మౌలాలి దొన చేపలతో నల్లబడింది. అందరినీ పిలిచి చూపించాడు. "భలే ఉన్నాయి భాయ్!" అని దస్తగిరి మురిసిపోయాడు. ఆ మురిపెం కూడా మౌలాలికి గిట్టలేదు.

చలి మొదలవకముందే ఆ దొనలో చేపలు తినే పాచి అంతా అయిపోయింది. చేపలన్నీ చచ్చి తేలాయి.

మౌలాలి ఏడుస్తూ బాబా కాళ్ళ మీద పడ్డాడు. "నా మనసు కుళ్ళిందని వాటికి తెలిసిపోయింది బాబా. ఇక కంబళి నాకు రాదు."

"నీ మనసుతో చేపలకేం పనిరా?" బాబా నవ్వాడు. "ఒక ఏడు పుట్టలు పుట్టలుగా పెరుగుతాయి, ఒక ఏడు తుడిచిపెట్టుకుపోతాయి. ఎందుకో ఇన్నేళ్ళు చూసినా నాకే అంతు చిక్కలేదు."

లేచి కాలువ దగ్గరికి నడిచి, చేతికర్రతో రాయిని పొడిచాడు. రాయి దొర్లింది. కాసేపటికి అటునుంచి రెండు పరిగెలు ఈదుకుంటూ వచ్చాయి.

మౌలాలి ముఖం మాడిపోయింది. "అవి దస్తగిరివి బాబా. వాడి చేపలు నాకొద్దు."

"నిరుడు వాడి దొనలో ఒక్క చేపా మిగల్లేదు. గుర్తుందా?"

"లేదు బాబా. అప్పుడు నేను అటు చూడనేలేదు."

"మరి ఇవి ఎవరి దొన నుంచి వెళ్ళిన చేపల పిల్లలు?"

మౌలాలి వంగి, కాలువలో మిగిలిన బంకమన్నును గోళ్ళతో గీకసాగాడు.