దాహం లేదన్న సూరమ్మ

శాంభవమ్మగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కొన్ని ప్రశ్నలకి కళ్ళు మూసుకునేవారు, కొన్నిటికి విసుక్కునేవారు. విసుక్కోవడమే ఎక్కువ. ఏ ప్రశ్న విన్నాకైనా లేచి చెప్పులు వెతుక్కున్నారంటే మాత్రం, అడిగినవాడి పని అయిపోయిందని ఆశ్రమంలో వాళ్ళందరికీ తెలుసు.

గవర్రాజు అడిగిన రోజున ఆవిడ చెప్పులు వెతుక్కున్నారు.

గవర్రాజుది ఏటి అవతల కొండవలస. మిల్లుంది, ట్రాక్టరుంది, గురువారం గురువారం ఆశ్రమానికి వచ్చే భక్తి ఉంది. నెలకోసారి పట్నం నుంచి డాక్టరుని పిలిపించి ఊళ్ళో ముసలివాళ్ళకి ఉచితంగా మందులు కూడా ఇప్పిస్తాడు. మంచివాడు. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువగా తెలుసు, అంతే.

"అమ్మగారూ, మా తాతల కాలంలో అందరివీ పూరిళ్ళే. వానొస్తే ఓ మూల ముడుచుకుని కూర్చునేవారట. అరవై దాటిన మనిషిని వింతగా చూసేవారట. ఇప్పుడు ఊరంతా స్లాబు ఇళ్ళు. మందుంది, డాక్టరున్నాడు. అందరూ ఎనభైదాకా లాగేస్తున్నారు. అయినా మా ఊళ్ళో ఏ ముసలివాళ్ళ మొహం చూడండి, ఎండిపోయి ఉంటుంది. పలకరిస్తే విసుక్కుంటారు. ఆయుష్షు పెరిగింది గాని సుఖం పెరగలేదేమండీ? ఇది వాళ్ళ కర్మంటారా?"

శాంభవమ్మగారు కళ్ళు మూసుకున్నారు. గవర్రాజు ఆగలేదు.

"మా అమ్మనే తీసుకోండి. మంచినీళ్ళు తాగదు. తాగమంటే దాహం లేదంటుంది. ఒంట్లో నీరు లేక రెండుసార్లు పడిపోతే ఆస్పత్రిలో సెలైను ఎక్కించారు. మూడోసారి ఇలా తెచ్చావంటే కిడ్నీలూ దక్కవు, మనిషీ దక్కదు అని డాక్టరు నామీద కేకలేశాడు. చెంబుతో నీళ్ళు మంచం పక్కన పెడతాం. సాయంత్రానికి పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. మొండితనం అమ్మగారూ! నాకూ విసుగొచ్చేసింది."

"మొండితనమా," అన్నారావిడ. "నా చెప్పులేవీ?"

కొండవలస ఇళ్ళ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పక్కింటికన్నా మన ఇల్లు పల్లంలో ఉండకూడదని ఆ ఊళ్ళో పెద్ద పట్టింపు. పల్లమైతే పక్కవాడి వాననీళ్ళూ, వాడి దరిద్రమూ మన వాకిట్లోకే వస్తాయట. అందుకని ఇల్లు కట్టేటప్పుడు ఒకడు మోకాలెత్తు మెరక పోయిస్తే, పక్కవాడు నడుమెత్తు పోయిస్తాడు. ఆ పక్కవాడు ఛాతీ ఎత్తు. పంచాయతీవాళ్ళు పాత రోడ్డుమీద కొత్త రోడ్డు వేసినప్పుడల్లా ఈ పంతం మళ్ళీ మొదలవుతుంది. అలా పోటీపడి పోటీపడి వీధి వీధంతా గాల్లోకి లేచింది. గవర్రాజు ఇల్లు పక్కింటి తవిటయ్య ఇంటికన్నా జానెడు ఎత్తు. ఆ జానెడు కోసం ఎన్ని బళ్ళ మట్టి తోలించాడో ఇప్పటికీ వచ్చినవాళ్ళకి చెబుతాడు.

మెట్ల దగ్గర ఇంకో ముచ్చట జరిగింది. మెట్లని లాభం, నష్టం, లాభం, నష్టం అనుకుంటూ లెక్కపెట్టాలి, ఆఖరిది లాభం మీద ఆగాలి. మేస్త్రి కట్టిన మెట్లు నష్టం మీద ఆగాయి. ఇంకొకటి కలుపుదామంటే ముందు మురుగుకాలవ ఉంది, చోటు లేదు. అందుకని ఒక మెట్టు తీసేసి, ఆ ఎత్తంతా మిగతావాటికి పంచాడు. లాభం మీద ఆగింది. ఒక్కో మెట్టు మాత్రం మోకాలికి తగిలేంత అయింది. పట్టుకోవడానికి కమ్మీ పెడితే నున్నటి గ్రానైటు అందం పోతుందని అదీ పెట్టించలేదు. ఇంటికి అవి తప్ప వేరే మెట్లు లేవు. ఇక దేవుడిగది ఉన్న కప్పు కింద మరుగుదొడ్డి కూడదని సిద్ధాంతిగారు అన్నందున, అది కింద పక్కసందులో నేలమీదే ఉండిపోయింది.

శాంభవమ్మగారు గవర్రాజు వెంట ఏరు దాటి ఆ వీధిలో నడుస్తుంటే ప్రతి ఇంటి వసారాలోంచీ ఎవరో ఒక ముసలివాళ్ళు పైనుంచే దండం పెట్టారు. కిందికి వచ్చి పలకరించిన వాళ్ళు ఒక్కరూ లేరు. గవర్రాజు ఇంటి దగ్గర ఆవిడ రెండు మెట్లెక్కి, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"ఇది ఇల్లా, కొండా? పైన దేవుడెవరైనా ఉన్నాడా ఏమిటి?"

"అమ్మగారు తమాషా చేస్తారు," అని గవర్రాజు నవ్వాడు.

పైన వసారాలో నులకమంచం మీద గవర్రాజు తల్లి సూరమ్మ కూర్చుని ఉంది. ఎండిన కొబ్బరిచిప్పలా ఉంది మనిషి. పెదాలు పగిలి ఉన్నాయి. శాంభవమ్మగారు పక్కన కూర్చుని, కోడలు పుణ్యవతిచేత రాగిచెంబుతో నీళ్ళు తెప్పించి, కళ్ళు మూసుకుని ఒక నామం అనుకుని చెంబు సూరమ్మకి అందించారు. ఆవిడ చేతి తీర్థం కాదనడం ఆ చుట్టుపక్కల ఎవరూ చెయ్యరు. సూరమ్మ చెంబు కళ్ళకద్దుకుంది. అరచేతిలో చుక్క పోసుకుని నాలిక తడుపుకుంది. ఒకసారి మెట్లవైపు చూసి చెంబు కింద పెట్టేసింది.

"మిగతాదో?"

"దాహం లేదమ్మగారూ."

"రోజూ నే వినేదీ ఇదే," అని గవర్రాజు అందుకున్నాడు. "చూశారా!"

"తీర్థం మిగల్చకూడదు. నువ్వు తాగు," అన్నారు శాంభవమ్మగారు.

గవర్రాజు గటగటా తాగేశాడు. పుణ్యవతి మజ్జిగ తెచ్చింది. శాంభవమ్మగారు ఒక గుక్క తాగి ఆ పెద్ద గ్లాసు కూడా గవర్రాజుకే ప్రసాదమని ఇచ్చారు. తర్వాత ఇంకో చెంబు తీర్థం. ఆ తర్వాత ఆవిడ తీరుబాటుగా కబుర్లలో పడ్డారు. మిల్లు ఎలా నడుస్తోందన్నారు, ఊక ఎవరు కొంటున్నారన్నారు, చిన్నప్పుడు సూరమ్మ ఏ ఊళ్ళో పెరిగిందన్నారు. గవర్రాజు ముందు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. తర్వాత గోడకి ఆనుకున్నాడు. ఆఖరికి, "ఇప్పుడే వస్తానమ్మగారూ," అన్నాడు.

"ఎక్కడికి?"

"అలా... కిందికి."

"మంచిది. మీ అమ్మని కూడా తీసుకెళ్ళు. చెయ్యి పట్టుకో. ఆవిడ ఎలా దిగితే నువ్వూ అలాగే దిగు. నేల తగిలేలోపు ఆ చెయ్యి వదిలావంటే ఇక ఆశ్రమానికి రాకు."

సూరమ్మ కంగారుపడిపోయింది. "ఇప్పుడా? పట్టపగలు నేను దిగనమ్మగారూ. వీధిలో మనుషులుంటారు. నేను తెల్లారకముందే ఒక్కసారి వెళ్ళొచ్చేస్తాను, మళ్ళీ మర్నాడే."

గవర్రాజుకి ఆ మాట సగమే చెవికెక్కింది. తొందర అలాంటిది. "లే అమ్మా, లే లే," అంటూ చెయ్యి పట్టుకున్నాడు.

మొదటి మెట్టు దగ్గరికి రాగానే సూరమ్మ కూర్చుంది. చీర మోకాళ్ళ చుట్టూ బిగించుకుని, అరచేతులు మెట్టుకి ఆనించి, ఏడాది పిల్ల దిగినట్టు మెల్లిగా కింది మెట్టుమీదికి జారింది. అక్కడ ఊపిరి తీసుకుంది. మళ్ళీ చీర సర్దుకుంది. చెయ్యి పట్టుకున్నందుకు గవర్రాజు కూడా ఆమె పక్కన కూర్చుని జారక తప్పలేదు.

పక్క వసారాలోంచి తవిటయ్య చూశాడు. "ఏం బావా! తల్లీకొడుకులు జారుడుబండ ఆడుతున్నారా?"

"నోరు ముయ్యి బావా. నా బాధ నీకు తెలీదు."

"తెలుస్తోంది, తెలుస్తోంది. అంత ఆగలేకపోతే పంచె ఉంది కదా, కానిచ్చెయ్!"

"అమ్మా, కాస్త తొందరగా..." అన్నాడు గవర్రాజు. నుదుటిమీద చెమట పట్టింది.

"ఓర్చుకోరా నాయనా, ఇంకెంత. నేను రోజూ ఓర్చుకోవడం లేదూ?" అంది సూరమ్మ. దెప్పడానికి అనలేదు. కొడుక్కి ధైర్యం చెప్పడానికే అంది.

కాలు నేలకి తగలగానే గవర్రాజు చెయ్యి వదిలి సందులోకి పరుగెత్తాడు. తవిటయ్య నవ్వు వీధి చివరిదాకా వినిపించింది.

గవర్రాజు తిరిగి వచ్చేటప్పటికి సూరమ్మ పైకెక్కడం మొదలుపెట్టింది. దిగాను గదా అని సందులోకి కూడా వెళ్ళలేదు. పోయడానికి ఒంట్లో ఏముంది కనక. రెండు చేతులూ పైమెట్టుకి ఆనించి, ఒక మోకాలు ఎక్కించి, రెండోది ఈడ్చుకుంటోంది. అరచేతుల కింది భాగం మడమలా గట్టిపడి నల్లబడి ఉంది. ఆ నలుపు గవర్రాజు ఇదివరకు చూడలేదు. చెంబు అందించేటప్పుడు మనం ఎదుటివాళ్ళ అరచేతులు చూడం.

అతను అక్కడే మెట్టుమీద కూలబడ్డాడు. "అమ్మా, నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఏం చేస్తావురా? ఇల్లు కిందికి దించుతావా? ముచ్చటపడి కట్టుకున్నావు. నీళ్ళు మానేస్తే గొడవే ఉండదు కదా అనుకున్నాను."

గవర్రాజు మొహం ఎర్రబడింది. పైకి చూసి, "వింటున్నారా అమ్మగారూ? ఎంత అన్యాయమో చూడండి. ఒక్కమాట! ఒక్కమాట నోరు తెరిచి చెప్పి ఉంటే నేను చెయ్యనా?" అన్నాడు.

శాంభవమ్మగారు ఇంటి పక్కనున్న రేకులషెడ్డు చూపించారు. వెడల్పాటి తలుపు, నున్నటి సిమెంటు నేల. రోడ్డుకీ దానికీ మధ్య ఒక్క మెట్టు కూడా లేదు.

"అది కింద ఎందుకు కట్టావు?"

"అది ట్రాక్టరుకండీ. ట్రాక్టరు మెట్లెక్కదు కదా."

"ఆ సంగతి నీకు ట్రాక్టరు చెప్పిందా?"

తవిటయ్య నవ్వు ఆపేశాడు. గవర్రాజు తల వంచుకున్నాడు. "రేపే సిద్ధాంతిగారిని పిలిపిస్తాను. పైన ఏ మూల దొడ్డి కట్టొచ్చో అడిగి..." అని గొణిగాడు.

ఇక ఆవిడ ఉండబట్టలేకపోయారు. "అడుగు నాయనా, తప్పకుండా అడుగు. ఆయన పంచాంగం చూసి, ముహూర్తం పెట్టి, ఏ దిక్కు చూపిస్తే ఆ దిక్కున పోస్తుంది మీ అమ్మ. అప్పటిదాకా ఆపుకోమను. ఇన్నాళ్ళూ ఆపుకున్న మనిషే కదా!"

పుణ్యవతి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. లోపలికి వెళ్ళి, అత్తగారి పరుపూ దుప్పటీ చుట్టి చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. "ట్రాక్టరు బయటికి తియ్యండి," అంది మొగుడితో.

"షెడ్డులోనా? తల్లిని బయట పడేశాడంటారే ఊళ్ళో!"

"అననీరా," అంది సూరమ్మ మెట్టుమీద నుంచే. "నేను నీళ్ళు తాగుతూ వింటాను."

గవర్రాజు ట్రాక్టరు తీసి వీధిలో పెట్టాడు. ఆ చప్పుడుకి నలుగురూ వసారాల్లోకి వచ్చి చూశారు. పుణ్యవతి నూనె మరకలమీద ఊక చల్లి తుడిచింది. గవర్రాజు వసారాలోంచి నులకమంచం దించుతుంటే తవిటయ్య వచ్చి రెండోవైపు పట్టాడు. సూరమ్మ మళ్ళీ కిందికి జారి, షెడ్డులో వేసిన మంచంమీద కూర్చుని, పక్కసందు ఎంత దూరమో ఒకసారి చూసుకుంది. లేచి, గోడ పట్టుకుని అక్కడిదాకా నడిచి వెనక్కి వచ్చింది. అప్పుడు చెంబు అడిగింది. ఎత్తిన చెంబు దించలేదు. గడ్డం మీంచి నీళ్ళు కారి జాకెట్టు తడిసింది. "ఇంకో చెంబు తేవే," అంది కోడలితో. పుణ్యవతి చెంబు తీసుకుని మెట్లవైపు పరుగెత్తింది.

పొద్దు వాలుతుండగా శాంభవమ్మగారు బయల్దేరారు. గవర్రాజు వెనకాలే వీధిలోకి వచ్చాడు. ఇంత జరిగినా అతనికి మనసు ఊరుకోలేదు.

"అమ్మగారూ, అంతా బాగానే ఉంది. కానీ నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనే లేదు. మా ఊరి ముసలివాళ్ళ కర్మ..."

ఆవిడ విసుగ్గా ఆగారు. తవిటయ్య ఇంటి వసారాలో, అంత ఎత్తున, తవిటయ్య తండ్రి కంబానికి ఆనుకుని కూర్చుని రెండు చేతులూ జోడించి ఉన్నాడు.

"నన్నెందుకు చంపుతావు? అదుగో, ఆయన్ని అడుగు, దాహం వేస్తోందా అని. లేదంటాడు. మళ్ళీ అడుగు."